"మీ భాషలో మమ్మల్ని ఏమంటారు?" అని క్లాసులో అడిగింది. ఏం చెప్పాలి?

మిడ్‌వెస్ట్_మల్లి
అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఒక క్రెడిట్ తక్కువైంది. వెతికితే రేస్ మీద, అంటే జాతి, రంగు మీద, ఒకరితో ఒకరు మాట్లాడుకునే డైలాగ్ కోర్సు కనిపించింది, చేరాను. లెక్చర్ ఉండదు, స్లైడ్లు ఉండవు. పద్నాలుగు కుర్చీలు గుండ్రంగా వేస్తారు, మధ్యలో బల్ల కూడా ఉండదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మొదటి రోజు నాకు తెలియలేదు.

మొన్న మూడో వారం. నా ఎదురుగా కూర్చునే బ్లాక్ అమ్మాయి నన్ను అడిగింది, కోపంగా కాదు, మామూలుగానే: "మీ ఇంట్లో మీ భాషలో మాట్లాడుకునేటప్పుడు మమ్మల్ని ఏమంటారు?"

గొంతు ఎండిపోయింది. ఆ మాట నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్‌లో కుక్కర్ విజిల్ కన్నా ఎక్కువసార్లు వినపడుతుంది. "ప్రత్యేకంగా ఏమీ లేదు" అన్నాను. అబద్ధం. ఆమె నా వైపు కాసేపు చూసి "సరే" అంది. ఆ "సరే" విన్నాక తెలిసింది, ఆమెకు ఆ మాట ముందే తెలుసని. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరిదీ ఒకటే బస్సు. ఆమె రెండు సీట్ల ముందు కూర్చుంది. ఆమె దిగేదాకా నేను తల ఎత్తలేదు.

మళ్ళీ మంగళవారం క్లాసు. నిజం చెప్పాలా, వదిలేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గన్నవరం_బాబాయ్
వదిలేయమ్మా. చదువుకోవడానికి వెళ్ళావు, చదువుకుని రా. ఇలాంటివి కెలికితే కంపు తప్ప ఏమీ రాదు. వీసా మీద ఉన్న పిల్లవి.

సిక్కోలు_శీను
ఏ మాట అది? మాలాంటి ఇండియాలో ఉన్నవాళ్ళకి అర్థం కావట్లేదు.

మిడ్‌వెస్ట్_మల్లి
కల్లూ. నల్లోళ్ళు అని చిన్నచూపుగా అనడం. హిందీ వాళ్ళ దగ్గర నుంచి మనకి అంటుకుంది. "బ్లాక్" అంటే పక్కనున్నవాళ్ళకి అర్థమవుతుంది కాబట్టి ఈ మాట వాడతాం అంటారు మా సీనియర్లు.

అట్లాంటా_అక్క
మల్లీ, ఆ గుట్టు ఎప్పుడో రట్టయింది. నేను వచ్చి పంతొమ్మిదేళ్ళు. మా ఆఫీసులో పెద్దావిడ ఒకరు ఒకసారి లిఫ్టులో నన్ను నెమ్మదిగా అడిగింది, "మీవాళ్ళు నేను ఎక్కగానే ఒక మాట అంటారు, దానికి అర్థమేంటి?" అని. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసిన మనిషి. నేను నేల చూశాను. అర్థం తెలియకపోయినా, అన్న తీరు మనిషికి తెలుస్తుంది కదా.

నిజం చెప్పు. నేను ఆ రోజు చెప్పలేదు, ఆవిడ రిటైరైపోయింది.

డాలస్_రాజు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నా సంగతి కూడా వినండి.

నేను చదువుకునే రోజుల్లో లైబ్రరీ నుంచి రాత్రి పదకొండున్నరకి నడిచి వస్తుంటే ఇద్దరు తుపాకీ చూపించి ఫోను, లాప్‌టాప్, పర్సు లాక్కున్నారు. బ్యాగులో స్టూడెంట్ వీసాకి కావలసిన ఐ-20 కాగితాలున్నాయి, కనీసం అవైనా ఇవ్వమని బతిమాలాను. ఇద్దరూ బ్లాక్. ఇప్పటికీ వెనకాల అడుగుల చప్పుడైతే వీపు జలదరిస్తుంది. ఆ తర్వాతే జూనియర్ల కోసం ఇళ్ళ గైడ్ రాశాను, ఏ వీధిలో ఇల్లు తీసుకోవచ్చు, ఏ వీధిలో వద్దు అని. అందులో ఆ మాట ఉంది. ఏళ్ళ తరబడి మా వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉంది. పిల్లలు క్షేమంగా ఉండాలనే రాశాను. నేను రేసిస్టునా?

సిక్కోలు_శీను
అన్నా, నీకు జరిగింది వింటేనే భయమేసింది. గైడ్ రాయడంలో తప్పేముంది?

అట్లాంటా_అక్క
రాజూ, నీకు జరిగింది చిన్న విషయం కాదు. ఆ భయాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఒక్కటి చెప్పు. మా ఇంట్లో దొంగతనం చేసి పట్టుబడ్డవాళ్ళు ముగ్గురూ తెల్ల కుర్రాళ్ళు. "తెల్లవాళ్ళున్న వీధిలో ఇల్లు తీసుకోవద్దు" అని మనవాళ్ళెవరైనా గైడ్ రాశారా?

ఇంకో మాట. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతేలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు తెల్లవాడు. అడ్డం వెళ్ళి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ కూడా తెల్లవాడే. రంగు చూసి ఏం తేలుస్తాం?

డాలస్_రాజు
అక్కా, వాదనకి బాగుంటుంది. రాత్రి పదకొండున్నరకి రోడ్డు మీద వాదన గుర్తు రాదు.

ఆన్ఆర్బర్_అను
మల్లి అడిగిందానికి వస్తాను. నేను మిషిగన్ యూనివర్సిటీలో చదివినప్పుడు ఇలాంటి డైలాగ్ నడిపినదాన్ని, అందుకని కాస్త ఎక్కువ రాస్తున్నాను.

అక్కడ ఇది 1988లో మొదలైంది. అంతకు ముందు ఏడు క్యాంపస్ రేడియోలో నల్లవాళ్ళ మీద జాత్యహంకారపు జోకులు వేశారు. విద్యార్థులు రోడ్డెక్కారు, చాలా గొడవ అయింది. తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తే సరిపోదు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు కావాలని వచ్చిన ఆలోచన ఇది. తర్వాత ఇతర యూనివర్సిటీలు కూడా ఈ పద్ధతి తీసుకున్నాయి. మల్లి చెప్పే కోర్సు కూడా ఆ అచ్చులోదే అనిపిస్తోంది.

నడిపేవాళ్ళు ఇద్దరుంటారు, ఒక్కొక్క వర్గం నుంచి ఒకరు. చర్చలో గెలవాలి, వాదనలో ఎదుటివాడి తప్పు పట్టాలి. డైలాగ్‌లో ఈ రెండూ లేవు. "నాకు ఇలా అయింది, నేను ఇలా అనుకున్నాను" అని నీ నోటితో నీ సంగతే చెప్పాలి. "మావాళ్ళందరూ", "మీవాళ్ళందరూ" అనకూడదు. ఒక వారం కుర్చీలు రెండు వరుసలుగా వేస్తారు. లోపలి వరుస వాళ్ళే మాట్లాడతారు, బయటి వరుస నోరు తెరవకూడదు. తర్వాత తారుమారు. నేను మొదటిసారి బయటి వరుసలో కూర్చున్నప్పుడు, అంతకు ముందు నా జీవితంలో ఒక బ్లాక్ మనిషి చెప్పేది అడ్డు తగలకుండా ఇరవై నిమిషాలు విననేలేదని అర్థమైంది.

నా సలహా. క్లాసుకి ముందే నడిపేవాళ్ళిద్దరికీ చెప్పు. ఆమె మళ్ళీ అడిగేదాకా ఆగకు, నువ్వే మొదలుపెట్టు. మాట చెప్పు, ఎవరు ఎప్పుడు వాడతారో చెప్పు, నువ్వు వాడావో లేదో కూడా చెప్పు. ఒక్కటి మాత్రం చేయకు. నువ్వు ఏడిస్తే ఆమె లేచి వచ్చి నిన్ను ఓదార్చే పరిస్థితి తేకు. దెబ్బ తగిలినవాళ్ళ చేతే కట్టు కట్టించుకున్నట్టు ఉంటుంది.

మిడ్‌వెస్ట్_మల్లి
చివరి మాట నాకు గట్టిగా తగిలింది అనూ. నేను ఏడుస్తాననే భయపడుతున్నాను.

తిరుపతి_తరుణ్
మరి వాళ్ళు మనల్ని అనేవి? నా యాక్సెంట్‌ని ముఖం మీదే వెక్కిరించారు, తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ. కూర వాసన అన్నారు. దానికి డైలాగ్ లేదా?

ఆన్ఆర్బర్_అను
ఉంది తమ్ముడూ, ఆ గదిలోనే ఉంది. నీ కుర్చీలో కూర్చుని నువ్వు చెప్పాలి. కాకపోతే ఆమె అడిగిన ప్రశ్నకి జవాబుగా చెప్పకూడదు. ముందు ఆమె ప్రశ్నకి జవాబు.

రాజమండ్రి_మాస్టారు
ముప్ఫై నాలుగేళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. మన పిల్లలకు చెప్పవలసింది ఒకటుంది.

1923లో భగత్ సింగ్ థిండ్ అనే మనవాడి పౌరసత్వం కేసు అమెరికా సుప్రీం కోర్టుకెక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆ రోజుల్లో పౌరసత్వం తెల్లవాళ్ళకూ, ఆఫ్రికా సంతతి వాళ్ళకూ మాత్రమే. ఆయన "నేను ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే" అని వాదించాడు. మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది కోర్టు.

మరి మనవాళ్ళు ఇంతమంది అమెరికా వెళ్ళడానికి తలుపు ఎలా తెరుచుకుంది? పౌరహక్కుల కోసం నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, 1964లో పౌరహక్కుల చట్టం సాధించారు. ఆ గాలికే 1965లో వలస చట్టం మారింది, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానం ఎక్కింది ఆ తర్వాతే. ఇవాళ మల్లి కూర్చున్న కుర్చీ వెనక ఆ పోరాటం ఉంది.

క్యాంపస్ సంగతీ అంతే. శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్‌లో 1968 నవంబరులో నల్ల విద్యార్థులు సమ్మె మొదలుపెట్టారు. ఆసియా, మెక్సికో మూలాల విద్యార్థులు కలిశారు. 1969 మార్చి దాకా నడిచింది. మా చరిత్ర కూడా పాఠంలో ఉండాలన్నది వాళ్ళ కోరిక. అందుకోసం అక్కడ ఒక కాలేజీయే పెట్టారు.

గన్నవరం_బాబాయ్
మాస్టారూ, 1965 సంగతి నాకు నిజంగా తెలియదు. మా పెద్దబావ 1971లో వెళ్ళాడు. ఆయన కష్టపడి వెళ్ళాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాం.

రాజమండ్రి_మాస్టారు
కష్టపడే వెళ్ళారు బాబూ. తలుపు మూసి ఉంటే ఎంత కష్టపడినా ఏం లాభం?

టోలిచౌకి_యూసుఫ్
అమెరికా సరే, మన హైదరాబాద్ సంగతి? ఉస్మానియాకి, ఇఫ్లూకి చదువుకోవడానికి ఆఫ్రికా నుంచి ఎంతమంది వస్తారు! మా దిక్కు పారామౌంట్ కాలనీలో సూడాన్, సోమాలియా పిల్లలు చాలామంది ఉంటారు. మా నాన్న పై పోర్షన్ ముగ్గురు సూడాన్ పిల్లలకి ఇచ్చారు. వారం తిరగకుండా పక్కింటాయన వచ్చి "వీళ్ళని పెట్టుకున్నారేంటి" అన్నాడు. ఏం చేశారని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ళకి రెంటు కూడా మిగతావాళ్ళ కన్నా ఎక్కువ చెప్తారు, అడ్వాన్సు కూడా. "నల్లోళ్ళకి ఇవ్వం" అని ఫోన్లోనే పెట్టేసేవాళ్ళు ఉన్నారు.

ఏసీ గార్డ్స్ పేరు ఎలా వచ్చిందో ఎంతమందికి తెలుసు? ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం సైన్యంలో గుర్రాల మీద ఉన్న ఆఫ్రికా దళం. మన పెళ్ళిళ్ళలో మర్ఫా మోగితే ఎగిరి గంతులేస్తాం కదా, ఆ దరువు వాళ్ళ పిల్లల చేతుల్లో బతికిందే.

సిక్కోలు_శీను
భాయ్, నేను ఆరేళ్ళు లక్డీకాపూల్‌లో ఉన్నాను. ఏసీ అంటే ఇన్నాళ్ళూ వేరే ఏసీ అనుకున్నాను 😄

వరంగల్_వాణి
యూసుఫ్ అన్న చెప్పింది నిజం. పీజీలో నా రూమ్మేట్ మిజోరం అమ్మాయి. మెస్ లైన్‌లో నిలబడితే వెనక నుంచి "చైనా" అనేవాళ్ళు. 2020లో అది "కరోనా" అయింది. ఆమె పాస్‌పోర్టు మీదా మన పాస్‌పోర్టు మీదా ఒకటే సింహాలు. ఒకసారి వాళ్ళమ్మ పంపిన వెదురు చిగుళ్ళు వండితే వాసన అని వార్డెన్‌కి కంప్లయింట్ వెళ్ళింది. అదే ఫ్లోర్‌లో మేము ఎండు చేపలు వేయించుకుంటే ఎవరూ మాట్లాడలేదు.

2014 జనవరిలో ఢిల్లీలో నీడో తానియా అనే అరుణాచల్ విద్యార్థిని కొట్టారు, చనిపోయాడు. ఆ తర్వాతే ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు పడే ఇబ్బందులు చూడటానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. మా క్యాంపస్‌లో నీడో పేరు చెప్తే ఒక్కరికీ తెలియదు. మల్లీ, నీకు కనీసం కుర్చీలు వేసి అడిగే గది ఉంది. మాకు అదీ లేదు.

హ్యూస్టన్_హరి
ఆ గది ఇక్కడా అన్నిచోట్లా లేదు వాణీ. టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ఎస్‌బీ 17 చట్టం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం పేరుతో ఉన్న ఆఫీసులు మూసేశారు. అయితే క్లాసులో చెప్పే పాఠానికి, విద్యార్థి సంఘాలకు ఆ చట్టం వర్తించదు. అందుకని ఆ పని మేమే పట్టుకున్నాం. మా ఇండియన్ సంఘం, బ్లాక్ విద్యార్థుల సంఘం కలిసి నెలకోసారి భోజనాలు పెట్టుకుంటున్నాయి. మొదటి నెల ఎవరి బల్ల దగ్గర వాళ్ళే తిన్నారు. రెండో నెల పులిహోర అయిపోయి గిన్నె గీకుతుంటే మాటలు మొదలయ్యాయి.

కడప_కాంత్
నాకో సందేహం. 2023 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు అడ్మిషన్లలో రేస్ చూడకూడదంది. హార్వర్డ్ కేసు. మన పిల్లలకి మేలని మా బంధువులు పండగ చేసుకున్నారు. మార్కులు వచ్చినవాడికి సీటు రావడం తప్పా?

హ్యూస్టన్_హరి
కాంత్ గారూ, అది వేరే సంగతి, పెద్ద చర్చ. ఒక్క మాట మాత్రం. సీటు ఎలా వచ్చినా, లోపలికి వచ్చాక పక్కవాడితో మాట్లాడాలి కదా. మల్లి అడుగుతున్నది అది.

గుంటూరు_కిరణ్
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మాది మాలపల్లె. మా ఊరి టీ కొట్లో మా తాతకు గ్లాసు వేరే ఉండేది. చూరులో గుచ్చి పెట్టేవారు. తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. నేను చిన్నప్పుడు ఒక్కసారి చూశాను, ఆ గ్లాసు అంచు సొట్టపోయి ఉండేది. అమెరికా వచ్చాక ఇదంతా ఉండదనుకున్నాను. అపార్ట్‌మెంట్‌లో దిగిన మొదటి రాత్రే "ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఏ వీధి" అని అడిగారు. చెప్పాక రెండు వారాలకి "వంట టర్న్ నువ్వు తీసుకోకులే, గిన్నెలు కడుగు చాలు" అన్నారు. నలుగురిలో కల్లూ అనే మాట ఎక్కువ వాడేవాడే ఆ మాట అన్నది కూడా. నాకు రెండూ ఒకే చోట నుంచి వస్తున్నట్టు అనిపించింది.

అంబేద్కర్ 1913లో కొలంబియా యూనివర్సిటీలో చేరారు. 1946లో అమెరికా నల్లవాళ్ళ నాయకుడు, పండితుడు డ్యూబాయిస్‌కి ఉత్తరం రాశారు, అమెరికాలో నల్లవాళ్ళ స్థితికీ ఇండియాలో అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందని. అమెరికా యూనివర్సిటీలు ఇప్పుడిప్పుడే కులం పేరు పలుకుతున్నాయి. బ్రాండైస్ 2019లో కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో.

మల్లి గారూ, మీరు ఆ రోజు "ప్రత్యేకంగా ఏమీ లేదు" అన్నారు చూడండి, నా రూమ్మేట్లు కూడా అదే అంటారు. మా దగ్గర కులం లేదంటారు. అందుకని అడుగుతున్నాను, దయచేసి నిజం చెప్పండి.

అట్లాంటా_అక్క
కిరణ్, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను నాన్నా.

డాలస్_రాజు
కిరణ్, నువ్వు వచ్చింది ఏ సంవత్సరం? నేను గ్రూపు అడ్మిన్‌గా ఉన్నప్పుడైతే నాకు చెప్పి ఉండాల్సింది.

గుంటూరు_కిరణ్
చెప్తే ఏం చేసేవారు అన్నా? రూమ్ కావాలని గ్రూపులో పెడితే మొదట వచ్చే ప్రశ్నే ఇంటిపేరు.

టీఏ_సురేఖ
చిన్న సంగతి, పనికొస్తుందేమో. నా ల్యాబులో మొదటి రోజు గ్రూపులు మీరే చేసుకోండి అంటే తెలుగువాళ్ళు ఒక బల్ల, చైనా వాళ్ళు ఒక బల్ల. ఇద్దరే బ్లాక్ విద్యార్థులు, ఆఖరి బల్ల దగ్గర మిగిలిపోయారు. ఇప్పుడు వరసగా ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టించి కూర్చోబెడుతున్నాను. మొదటి వారం గుర్రుగా చూశారు. నాలుగో వారానికి ఒక బల్ల దగ్గర నుంచి నవ్వులు వినపడితే వెళ్ళి చూశాను, నెల్లూరు కుర్రాడు వాళ్ళకి "ఏంట్రా" ఎన్ని రకాలుగా అనొచ్చో నేర్పుతున్నాడు.

మోడరేటర్
కాలేజీల పేర్లు, సహవిద్యార్థుల పేర్లు రాయకండి. ఒక పోస్టు తీసేశాను. మిగతాది కొనసాగించండి, బాగా నడుస్తోంది.

మిడ్‌వెస్ట్_మల్లి
మంగళవారం అయింది. ఆ గదిలో ఇతరులు చెప్పింది బయట చెప్పకూడదని ఒప్పందం, కాబట్టి నా సంగతే రాస్తాను.

అను చెప్పినట్టు ముందే నడిపేవాళ్ళకి చెప్పాను. కూర్చోగానే మొదలుపెట్టాను. "పోయిన వారం నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ మాట పలికాను. ఇండియాలో నల్లగా పుట్టిన పిల్లని చూడగానే ఇంట్లో ఏమంటారో చెప్పాను. నేను పుట్టినప్పుడు మా నానమ్మ "దీనికి కట్నం ఎక్కువవుతుంది" అందని మా అమ్మ చెప్పిన సంగతి చెప్పాను. నేను కూడా ఆ మాట వాడానని చెప్పాను. నాలుగుసార్లు అని గుర్తు, ఎక్కువే అయ్యుంటుంది. గొంతు వణికింది కానీ ఏడవలేదు. కిటికీ బయట మంచు తీసే బండి చప్పుడు, అది పోయేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆమె ఏమందో చెప్పను. బస్సులో మాత్రం ఈసారి ఒకే వరుసలో కూర్చున్నాం. ఎక్కువ మాట్లాడుకోలేదు. నా స్టాప్ రెండు ముందే ఆమెది. దిగేటప్పుడు నా పేరు సరిగ్గా ఎలా పలకాలో అడిగింది. 'ళ' రాకుండా 'ల్ల' వచ్చేదాకా రెండుసార్లు పలికింది.

ఇంట్లో నిన్న రాత్రి రూమ్మేట్లకి చెప్పాను. ఒకామె "ఆ మాట బయటపెట్టి మా పరువు తీశావు" అంది. ఇవాళ పొద్దున్న కాఫీ కూడా కలపలేదు నాకు.

ఆన్ఆర్బర్_అను
కాఫీ సంగతి కొన్నాళ్ళు అలాగే ఉంటుంది మల్లీ. ఆమెతో కూడా మాట్లాడటం మానకు.

గన్నవరం_బాబాయ్
నేను వదిలేయమన్నాను. తప్పే చెప్పాను తల్లీ.

డాలస్_రాజు
నా భయం పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. కానీ కిరణ్ పోస్టు, మల్లి పోస్టు చదివాక రాత్రి ఆ గైడ్ తెరిచాను. ఆ మాట పదకొండు చోట్ల ఉంది. నేనే రాసినా అన్నిసార్లు రాశానని తెలియదు. తీసేసి, ఏ వీధిలో లైట్లు లేవో, ఆఖరి బస్సు ఎన్నింటికో, యూనివర్సిటీ వాళ్ళు రాత్రి ఇంటిదాకా దింపే బండి నంబరు ఏదో పెట్టాను. పాత మెసేజ్ పిన్ తీసేశాను.

గుంటూరు_కిరణ్
రాజన్నా, ఆ పాత పీడీఎఫ్ నా ఫోన్లో ఇంకా ఉంది. మూడో పేజీ చూడండి. "రూమ్మేట్ల కోసం రాసేటప్పుడు ఇంటిపేరు తప్పనిసరి" అని ఉంటుంది.

డాలస్_రాజు
ఉంది. ఇప్పుడే చూశాను. తీసేస్తున్నాను. ఈ ఆదివారం గ్రూపు కాల్ పెడతాను, వస్తావా?

గుంటూరు_కిరణ్
వస్తాను. మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టండి, అప్పటిదాకా నాకు షిఫ్ట్ ఉంది.